మంచిగుందంటే ఎట్ల మంచిగుంది?

నేను బేగంబజార్‌లో స్టీలు సామాను మీద పేర్లు కొడతాను. పెళ్లికి కొన్న బిందె, గృహప్రవేశానికి పంచే గిన్నె, ఇంటికి తెచ్చుకున్న కొత్త పళ్లెం, ఏదైనా సరే, నా ముందు పెట్టి చీటీ మీద పేరు రాసిస్తే నిమిషంలో కొట్టి ఇస్తాను. పెన్నులా పట్టుకునే చిన్న కరెంటు మిషను, దాని మొనకు సూది, గిర్రుమని చప్పుడు, అంతే నా సరంజామా. ముప్పై ఏళ్లుగా ఇదే పని. స్టీలు మీద పడ్డ గీత చెరగదు. ఒక్క ఒత్తు తప్పితే ఆ గిన్నె ఇక మా ఇంటికే. అందుకని చీటీని రెండుసార్లు చదువుతాను, తెచ్చినవాళ్ల చేత ఒకసారి పైకి చదివిస్తాను, ఆ తర్వాతే సూది ఆనిస్తాను. నా పనిలో పొల్లు పోదు. గొప్పకు చెప్పడం లేదు, కావాలంటే బజారులో ఎవరినైనా అడగండి.

ఇంత జాగ్రత్త మనిషిని, కంచం ముందు కూర్చుంటే మాత్రం సోయి ఉండేది కాదు. మధ్యాహ్నం దుకాణం వెనక బిందెల మధ్య చోటు చేసుకుని కూర్చునేవాడిని. డబ్బా తెరిచి, నీళ్ల సీసాకు ఫోను ఆనించి, వీడియోలు పెట్టుకునేవాడిని. ఏం వీడియోలనుకున్నారు? తిండి వీడియోలే. ఎవడో ఎక్కడో పొగలు కక్కే బిర్యానీ తింటుంటే వాడి నోటి వంక చూస్తూ, మా ఆవిడ కట్టిచ్చిన టమాట కూర నేను మింగేవాడిని. ఏడు నిమిషాల్లో డబ్బా ఖాళీ. ఏం తిన్నావని ఎవరైనా అడిగితే మూత తీసి అంటుకున్నదేమిటో చూసి చెప్పాల్సిందే.

సాయంత్రం అఫ్జల్‌గంజ్ మీదుగా మూసీ దాటి ఇల్లు చేరగానే మా ఆవిడ డబ్బా అందుకుని అడిగేది.

"ఎట్లున్నది?"

"మంచిగుంది."

ఆమె అడగడం పూర్తయ్యేలోపే నా నోట్లోంచి ఆ మాట ఊడిపడేది. కాకరకాయ అయినా, గుడ్డు పులుసు అయినా, పండుగ పూట బగారా అన్నమైనా మంచిగుంది. ఇరవై రెండేళ్లు ఆ ఒక్క మాటతో సంసారం నడిపాను. ఇంట్లో మేమిద్దరమే. పిల్లలు లేరు, ఆ సంగతికి ఎప్పుడో అలవాటు పడ్డాం. వంట గురించి ఆమెకు చెప్పాల్సిన మనిషిని నేనొక్కణ్నే.

మొన్న చలికాలంలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాకు నాలుగు రోజుల్లో తగ్గింది. ఆమెకూ తగ్గింది కానీ పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. ఒకరోజు పొద్దున్న దేవుడి ముందు అగరొత్తి వెలిగించి, దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని నా వైపు చూసింది.

"నీకు వాసనొస్తున్నదా?"

"ఇల్లంత వస్తున్నది గదా."

"నాకు రాలే."

వాసన పోయేసరికి రుచి కూడా పోయింది. అన్నం తింటే కాగితం నమిలినట్టుందని అనేది. డాక్టరును అడిగితే దానంతటదే వస్తుందన్నాడు. కొందరికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు పడుతుంది, ఫికర్ పెట్టుకోవద్దు, రోజూ లవంగం, నిమ్మతొక్క ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుండమన్నాడు. పాపం, తెల్లారి లేవగానే కిటికీ దగ్గర కూర్చుని లవంగాన్ని అటు తిప్పి ఇటు తిప్పి పీల్చేది. ఏమైనా వచ్చిందా అంటే తల అడ్డంగా ఊపి పొయ్యి వెలిగించుకునేది.

వంట మానలేదు. చేతి అలవాటు మీద ఉప్పూ కారం వేసేది. సాయంత్రం మళ్లీ అదే ప్రశ్న, "ఎట్లున్నది?" ఆ ప్రశ్న మారిపోయిందని నాకు తట్టనే లేదు. ముందు ఏదో భర్త నోట ఒక మంచి మాట విందామని అడిగేది. ఇప్పుడు నిజంగానే తెలియక అడుగుతోంది. నేనేమో అదే చెవితో విని అదే మాట అన్నాను. ఎంత పిచ్చి మొహాన్నో చూడండి.

అలా ఒక ఆదివారం పుంటికూర పప్పు, అదే గోంగూర పప్పు, చేసింది. రెండుసార్లు వేసుకుని తిన్నాను, ఫోనులో క్రికెట్ నడుస్తోంది.

"ఎట్లున్నది?"

"మంచిగుంది."

నా మాట నమ్మి ఒక గిన్నె నిండా పక్కింటి ఖాలాకు ఇచ్చి వచ్చింది. ఖాలా మాకన్నా ఇరవై ఏళ్లు పెద్దది, మా గోడకు ఆనుకున్న ఇల్లే ఆమెది. మా పెళ్లయిన వారం నుంచే రెండిళ్ల మధ్యా గిన్నెలు తిరుగుతున్నాయి. ఇచ్చిన గిన్నె ఖాళీగా తిరిగి రావడమనేది లేదు, అందులో సేమ్యానో, రెండు నిమ్మకాయలో, ఏమీ లేకపోతే గుప్పెడు చక్కెరో వేసి పంపుతుంది. ఆ గిన్నెలన్నిటి మీద ఎవరిది ఏదో తెలియాలని పేర్లు కొట్టింది నేనే.

ఆ రోజు గిన్నె అరగంటలోనే తిరిగొచ్చింది. ఖాలానే తెచ్చింది. అందులో మా పప్పు అట్లాగే ఉంది. కొంగు సర్దుకుంటూ, గడప దగ్గరే నిలబడి, నొప్పించకుండా ఎలా చెప్పాలా అని వెతుక్కుంటూ చెప్పింది.

"బేటీ, బురా నక్కో మాన్, ఏమనుకోకు. నమక్ భూల్ గయే క్యా? ఉప్పు మొత్తానికే లేదమ్మా. జర్ర వేసి మరగనియ్, నేను మల్ల తీస్కపోత."

ఉప్పు లేని పుంటికూర పప్పు! పసిపిల్లాడి నాలుక మీద పెట్టినా మొహం వంకర పోవాలి. రెండుసార్లు వేసుకుని తిన్న నా పళ్లు పులిసిపోయి ఉన్నాయని అప్పుడు తెలిసింది నాకు. ఖాలా వెళ్లిపోయింది. మా ఆవిడ గిన్నె కింద పెట్టి నా ముందు నిలబడింది.

"రెండు మార్లు ఏసుకున్నవు గదా?"

"ఏసుకున్న."

"ఉప్పు లేదని తెల్వలేదా?"

"తెల్వలేదు."

"మరి మంచిగుందంటివి?"

నేను తల గోక్కున్నాను. ఆమె గొంతు పెంచలేదు, లొల్లి చేయలేదు. లొల్లి చేసి ఉంటే బాగుండు, నేనూ నాలుగు మాటలని బయటపడేవాణ్ని.

"గట్లయితే ఇరవై రెండేండ్ల సంది నువ్వన్న మంచిగుందిలల్ల నిజమెన్ని?"

ఎన్నో నాకే తెలియదు. ఆమె పప్పును పొయ్యి మీదకు ఎక్కించి, ఉప్పు డబ్బా తీసి, చెంచా పట్టుకుని ఆగిపోయింది. ఎంత వేయాలో ఆమె చేతికి తెలుసు, కానీ చేతి మీద నమ్మకం పోయింది. అప్పుడు అంది, వెనక్కి తిరగకుండానే.

"ఈసారి బోనం మీ వదినను వండమను. నాకు ముక్కు లేదు, నాలిక లేదు. నాలికున్నోనికి సోయి లేదు."

ఆషాఢంలో అమ్మవారికి ఎత్తే బోనం మా ఇంట్లో మా అమ్మ చేతి మీదుగా ఈమె చేతికి వచ్చింది. కొత్త కుండలో పాలు, బియ్యం, బెల్లం వేసి వండి, కుండకు పసుపు కుంకుమ రాసి, వేపమండలు కట్టి, మీద దీపం పెట్టుకుని గల్లీ చివరి గుడి దాకా నెత్తి మీద మోసుకుపోతుంది. ఏడాదంతా ఇంట్లో ఉండే మనిషిని ఆ ఒక్క పూట గల్లీ అంతా నిలబడి చూస్తుంది. జ్వరంతో ఒళ్లు కాలిపోయిన ఏడు కూడా దాన్ని ఇంకొకరికి ఇవ్వలేదు. అలాంటిది వదినకు ఇచ్చేస్తానంటే అది మామూలు మాట కాదు.

"బోనం ఎట్లాగు రుచి చూడరు గదా," అన్నాను. నిజమే, అమ్మవారికి పెట్టకముందు నోట్లో వేసుకుంటే ఎంగిలి. మా అమ్మ ఇంకా పట్టింపు మనిషి, వాసన పీల్చినా ఎంగిలేనని ముక్కుకు కొంగు చుట్టుకుని వండేది. ఈమె కూడా అలాగే చేస్తుంది.

"రుచి చూడకుంట వండాల్నంటే రుచి తెలిసినోళ్లే వండాలె," అంది.

"నాలుగైదు నెలలున్నది. నేను రుచి చూసి చెప్త. చెయ్యి కుదిరేదాంక రోజు చెప్త."

నవ్వింది. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. నాకు కోపం తొందరగా వస్తుంది, తప్పు నాదైతే ఇంకా తొందరగా వస్తుంది. మర్నాడు పొద్దున అన్నానికి కూర్చునే ముందు ఫోను తీసుకెళ్లి అల్మారీలో పెట్టి, ఆమె చూస్తుండగా తాళం వేశాను.

మొదటి పది రోజులు మా ఇంట్లో పరీక్షలు నడిచాయనుకోండి. ఆమె ఎదురుగా కూర్చునేది. నేను ఒక ముద్ద పెట్టుకునేవాణ్ని.

"చెప్పు."

"ఉప్పు ఉన్నది."

"ఎంతున్నది?"

"ఉండాల్సినంత."

"ఉండాల్సినంత అంటే?"

"మంచిగుంది."

"మంచిగుందంటే ఎట్ల మంచిగుంది?"

నిజం చెప్పొద్దూ, నా దగ్గర మాటలే లేవు. కారం, చప్పన, మంచిగుంది, ఈ మూడే ఉన్నాయి. నలభై ఎనిమిదేళ్లు అన్నం తిన్న మనిషికి మూడు మాటలు! బజారులో ఒక అక్షరం సగం సూదిమొనంత జరిగితే పట్టేసే నేను, నా నోట్లో ఏముందో చెప్పలేకపోవడం నాకే సిగ్గనిపించింది.

మెల్లగా కొన్ని సంగతులు తెలిశాయి. మొదటి ముద్దను నమ్మకూడదు. ఆకలి మీద ఉన్నప్పుడు మొదటి ముద్ద ఏదైనా అమృతమే. రెండో ముద్ద కూడా అంతే. మూడో ముద్దకు నాలుక నెమ్మదిస్తుంది, అప్పుడు చెప్పేది నిజం. కారం ముందు వచ్చి లొల్లి చేస్తుంది, ఉప్పు వెనక నిదానంగా తేలుతుంది. వట్టి అన్నాన్ని కాసేపు నమిలితే చివర్లో తీపి వస్తుంది, ఆ తీపి నాకు అప్పటిదాకా తెలియదంటే మీరు నమ్మాలి. పప్పులో వెల్లుల్లి ఎర్రగా వేగితే ఒక రుచి, బంగారు రంగులో దించేస్తే ఒక రుచి. మా ఆవిడ ఎర్రగా వేయిస్తుంది.

దుకాణంలో కూడా ఫోను సంచీలోనే పెట్టి డబ్బా వంక చూస్తూ తినడం మొదలుపెట్టాను. పక్క దుకాణం భాయ్ రెండు రోజులు చూసి ఊరుకున్నాడు. మూడో రోజు ఆగలేకపోయాడు.

"ఏంది అన్నా, డబ్బాతోటి ముచ్చట పెడుతున్నవా?"

"అదే నాతోటి పెడుతున్నది భాయ్."

"తబియత్ ఠీక్ హై నా?" అన్నాడు పాపం, నిజంగానే కంగారుపడి.

ఒకరోజు పచ్చిపులుసు పోసుకుని తింటుంటే నాలుక కింద ఏదో గరుకుగా, కమ్మగా తగిలింది. చింతపండు పులుపు, ఉల్లిగడ్డ ఘాటు కాకుండా ఇంకొకటి. అటు తిప్పి ఇటు తిప్పి చూశాను, పట్టుకోలేకపోయాను.

"ఇండ్ల ఏందో ఏసినవు. కొత్తగున్నది."

"ఏమేసిన?"

"కమ్మగున్నది. వేయించిందే. ఏందది?"

ఆమె కాసేపు నా మొహంలోకే చూసింది.

"నువ్వుల పొడి. పెండ్లయి వచ్చిన నాటి సంది ఏస్తున్న."

నువ్వులు బాగుచేయాలి, సన్నటి సెగ మీద చిటపటలాడేదాకా వేయించాలి, చల్లార్చి దంచాలి. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చేసి ఉంటుందో! ఒక్కసారి కూడా నేను ఏమిటిది అని అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. ఏడవలేక, "ఇంకొంచెం పోయ్," అన్నాను. పోసింది. ఆ పూట పచ్చిపులుసు గిన్నె నేనే ఖాళీ చేశాను, నిదానంగా.

ఇక చెంచా సంగతి. నేను "ఒక చిటికెడు తక్కువైంది" అంటే ఆమెకు ఆ చిటికెడు ఎంతో తెలియాలి కదా. నా చిటికెడు వేరు, ఆమె చిటికెడు వేరు. ఒకరోజు బజారు నుంచి లోతుగా ఉండే పొడవాటి చెంచా ఒకటి తెచ్చాను. ఉప్పు ఎక్కడిదాకా పోస్తే మా ఇద్దరి పప్పుకు సరిపోతుందో లోపల గీత కొడతానన్నాను. కొట్టడం నాకు క్షణం పని. కానీ చెప్పాను కదా, స్టీలు మీద పడ్డ గీత చెరగదు. తప్పు గీత కొడితే మా ఆవిడ వంట మొత్తం తప్పుతుంది. అందుకని పది రోజులు తినీ తినీ, మూడో ముద్ద దాకా ఆగి చెప్పీ చెప్పీ, ఆమె చెంచాలో ఉప్పు మట్టం పెంచీ తగ్గించీ, ఇద్దరికీ నమ్మకం కుదిరాకే పప్పు గీత కొట్టాను. తర్వాత పులుసు గీత. కూర గీత అన్నిటికన్నా మొండికేసింది, కూరగాయను బట్టి మారుతుంది కదా, రెండు కొట్టాల్సి వచ్చింది. బజారులో చీటీని రెండుసార్లు చదివే నేను, ఆ చెంచాలో ఉప్పు మట్టాన్ని నాలుగుసార్లు చూసుకుని సూది ఆనించాను.

ఆ మధ్యలోనే రంజాన్ వచ్చింది. ఖాలా ఎప్పటిలాగే రోజంతా ఉపవాసం ఉండి, సాయంత్రం ఇఫ్తారుకు పది మందికి వండేది. మా ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం సాయానికి వెళ్లి, వెలిగిపోతున్న మొహంతో తిరిగొచ్చింది.

"ఖాలా ఒక్క మెతుకు నోట్ల ఏసుకోకుంట గంత వంట ఎట్ల చేస్తదో తెలుసా నీకు?"

ఇన్నేళ్లు పక్కనే ఉండి మేమిద్దరం ఆ సంగతి ఆలోచించనే లేదు. రోజా ఉన్నప్పుడు నీళ్లే తాగరు, రుచి ఎలా చూస్తారు? కొందరు నాలిక మొన మీద పెట్టి ఉమ్మేస్తారట, ఖాలా అది కూడా చేయదు. మర్నాటి నుంచి మా ఆవిడను పొయ్యి పక్కన నిలబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

"ముక్కు పోతే పోనీ బేటీ, కాన్ హై నా? విను. ఉల్లిగడ్డ పచ్చిగున్నప్పుడు మస్తు చిల్లాతీ, లొల్లి చేస్తది. వేగినంక చుప్ అయితది. పాలు చిక్కగయితే గంటె బరువయితది. బెల్లం కరిగితే బుడగ పెద్దగయితది. ఏక్ మహీనా నేను కానోంసే వండుత, నీకేమైంది?"

చెవులతో వండటం! ఆ నెలంతా మా ఆవిడ పొయ్యి దగ్గర కళ్లు మూసుకుని నిలబడి వింటుండేది. నేను నవ్వితే గంటె చూపించేది.

ఒక సాయంత్రం ఖాలా మమ్మల్ని ఇఫ్తారుకు కూర్చోబెట్టింది. అజాన్ వినబడింది. నేను ఎదురుగా ఉన్న పళ్లెంలోంచి ఖర్జూరాలు తీసుకుని టకటకా మూడు మింగేశాను. చూద్దును కదా, పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని ఖాలా, బిస్మిల్లా అని ఒక ఖర్జూరం తీసుకుని, సగం కొరికి, కళ్లు మూసుకుని నములుతోంది. ఏమీ తొందర లేదు. నమిలి, మింగి, షుకర్ అని, అప్పుడు నీళ్ల గ్లాసు అందుకుంది. తర్వాత నా వైపు చూసింది.

"ఖజూర్ ఎట్లున్నది బేటా?"

"మంచిగుంది."

మా ఆవిడ ఫక్కున నవ్వింది. ఖాలాకు అర్థం కాలేదు, కానీ పళ్లెం నా వైపు జరిపింది. నాలుగోది తీసుకున్నాను. తొందరపడకుండా కొరికాను. పైతోలు పలచగా పళ్లకు అంటుకుంది. లోపల మెత్తగా బెల్లంపాకంలా ఉంది. గింజ దగ్గరికి వచ్చేసరికి కొంచెం వగరు. పొద్దున అన్నం, మధ్యాహ్నం అన్నం, మధ్యలో రెండు చాయ్‌లు పడ్డ నాకే ఇంత తెలిస్తే, ఖాలాకు ఎంత తెలిసి ఉంటుందా అనిపించింది. ఆ మూడు ముక్కలూ ఆమెకు చెప్పాను.

"అబ్బీచ్ ఖాయా రే తూ," అంది తల ఊపుతూ. "ఇప్పుడు తిన్నవ్."

అప్పటి నుంచి నేను కూడా అన్నం ముందు ఒక్క క్షణం చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. పెద్దగా ఏమీ అనుకోను. కంచంలో ఏమేం ఉన్నాయో చూస్తాను, అవి చేసిన మనిషి ఎదురుగా ఉంటే ఆమెనూ చూస్తాను. మొదట్లో "ఏంది గట్ల చూస్తున్నవ్, ఎంట్రుక గిట్ల పడ్డదా?" అని కంగారుపడేది. ఇప్పుడు అలవాటైంది. ఏడు నిమిషాల అన్నం అరగంట పడుతోంది. హాయిగా ఉంది, ఏం దాచాలి? ఇంతకాలం ఈ హాయిని వదులుకుని ఎవడో తింటుంటే చూశానా అని నా మీద నాకే కోపం వస్తుంటుంది.

ఎండలు ముదిరాక బోనం మాట నేనే ఎత్తాను. ఒక మంగళవారం ఏమీ చెప్పకుండా బెల్లం అన్నం వండింది. మూడో ముద్ద తిని, "బెల్లం ఎక్కువైంది, బియ్యం జర్ర పలుకున్నది," అన్నాను. వచ్చే మంగళవారం మళ్లీ వండింది. "బెల్లం సరిపోయింది. ఇలాచి తక్కువ." మూడోసారి వండినప్పుడు కంచం నాకి, లోటా తెమ్మన్నాను. బెల్లం తురుము కొలిచే ఆ చిన్న లోటా లోపల, ఆమె చూస్తుండగానే గీత కొట్టాను. ఆమె ఆ గీతను వేలితో తడిమి, "వదినకు ఫోన్ చేసి చెప్పు, నేనే వండుతున్ననని," అంది.

బోనాల రోజు వదిన పొద్దున్నే దిగింది, ఎందుకైనా మంచిదని. మా ఆవిడ తలస్నానం చేసి, పసుపు చీర కట్టుకుని, వెనక పెరట్లో రాళ్ల పొయ్యి మీద కొత్త కుండ పెట్టింది. ఆ రోజు నేను ఏమీ చెప్పడానికి లేదు. అమ్మవారికి పెట్టకముందు నా నాలుకకు పని లేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వదిన కొంగు చూపించి గుర్తు చేసింది.

"ముక్కుకు కట్టుకోవా?"

"నాకు యాడొస్తదక్కా వాసన?" అని నవ్వింది మా ఆవిడ. "ఈయేడు ఆ బాధ లేదు."

పాలు పోసింది. తల వంచి విన్నది. బియ్యం వేసింది. మళ్లీ విన్నది. లోటాతో బెల్లం గీత దాకా కొలిచి వేసింది. కుండను పొయ్యి మీదే కాసేపు ఉంచి, గంటె తిప్పుతూ బరువు చూసుకుంటోంది. ఉన్నట్టుండి గంటె ఆగింది. గబుక్కున కొంగు లాగి ముక్కూ నోరూ మూసుకుంది. కళ్లల్లో నీళ్లు. పొగ కాబోలు అనుకున్నాను. లేకపోతే భయపడిందేమోనని లేచి వెళ్లబోతే, దగ్గరికి రావద్దని చేయి అడ్డం పెట్టింది. ఆ మర్నిమిషమే కుండ దించేసింది.

కుండ నెత్తి మీద పెట్టుకుని గల్లీలోకి వచ్చింది. డప్పులు ముందు, ఆమె వెనక, మేము ఆమె వెనక. ఖాలా తన గడపలో నిలబడి "సంభాల్‌కే, బేటీ," అంది. గుడిలో బోనం దించి అమ్మవారికి పెట్టాక మా ఆవిడ రెండు చెంపలూ వేసుకుంది. అంతసేపు లెంపలు వేసుకోవడం ఎప్పుడూ చూడలేదు. రుచి ఎట్లున్నదోనని ఇంకా భయపడుతోందని నాకు జాలేసింది.

ఇంటికి వచ్చి, ప్రసాదం ముందు నాకే పెట్టింది. చాప మీద నా ఎదురుగా కూర్చుంది. వదిన, మా వాళ్లు నలుగురు చుట్టూ ఉన్నారు.

"ఎట్లున్నది?"

మొదటి ముద్ద తిని ఊరుకున్నాను. రెండోది తిన్నాను. వదినకు ఓపిక పోయింది, "ఏందయ్యా, గంత సోంచాయిస్తున్నవ్?" అంది. మూడో ముద్ద నమిలాను.

"బెల్లం సరిగ్గ గీత మీదున్నది. పాలు మంచిగ పట్టినయి. ఇలాచి సరిపోయింది."

ఆగిపోయాను. ముద్ద చివర్లో ఇంకొకటి ఉంది. ఇంతమంది ముందు, ఆమె ఏడాదంతా ఎదురుచూసిన రోజు. ఆ పాత మాట నాలుక మీదకు వచ్చేసింది కూడా. ఆమె నా కళ్లలోకే చూస్తోంది. మింగేసి చెప్పాను.

"అడుగున కొంచెం మాడింది."

"పండుగ పూట గా మాట అనాల్నా?" అని వదిన నా మీద లేచింది. మా ఆవిడ మాత్రం కదల్లేదు.

"తెలుసు," అంది.

"ఎట్ల తెలుసు?"

"వాసనొచ్చింది."

ఆమె వేలితో తన ముక్కు చూపించింది.

"పొయ్యి మీదున్నప్పుడే వచ్చింది. ఆర్నెల్ల సంది రానిది, అప్పుడొచ్చింది. అమ్మవారికి పెట్టకముందు వాసన చూడొద్దు గదా. జల్ది కొంగడ్డం పెట్టుకున్న. తప్పయిందని లెంపలేసుకొని వచ్చిన."

కంచం ఆమె వైపు తోశాను. ఆమె అడుగున గోధుమరంగుకు తిరిగిన ముద్దను చూసి తీసుకుని, ముందు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, చాలాసేపు పీల్చింది. తర్వాత నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది.

"మంచిగుంది," అంది.

"మంచిగుందంటే ఎట్ల మంచిగుంది?" అని అడిగాను.

"మాడినట్టున్నది," అని మా ఆవిడ ఇంకో ముద్ద తీసుకుంది.